సెక్రటరీ గారికి వచ్చిన ఎన్నిక

బెంగాలీవాళ్ల మధ్య ఉన్న ఆ రైల్వే ఊళ్లో, న్యూ సెటిల్‌మెంట్ తెలుగు సంఘానికి తాను ఎన్నాళ్లుగా సెక్రటరీగా ఉన్నాడో చెన్నకేశవరావుకే సరిగ్గా గుర్తులేదు. గోల్‌బజార్‌లో ఆయనకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. దాని పేరు బోర్డు మీద మూడు భాషల్లో రాసి ఉన్నా ఎవరూ చదవరు. "సెక్రటరీ గారి కొట్టు" అంటే చాలు, టోటో రిక్షా వాళ్లు సరిగ్గా గుమ్మం ముందు దింపుతారు.

ఆయన ఎన్నికయ్యే పద్ధతి చాలా సులువైనది. ఉగాది నాడు సంఘం హాల్లో పంచాంగ శ్రవణం ముగుస్తుంది. పక్క గదిలోంచి పులిహోర పోపు ఘుమఘుమ వస్తూ ఉంటుంది. సరిగ్గా అప్పుడు ఎవరో ఒకరు లేచి, "ఈ ఏడు కూడా చెన్నకేశవరావు గారే సెక్రటరీ. అందరికీ సమ్మతమేనా?" అంటారు. ఆకలి మీదున్న జనం చేతులెత్తేస్తారు. ఆయన కాస్త మొహమాటపడ్డట్టు తల వంచుకుంటాడు. వెంటనే విస్తళ్లు పడతాయి. దీన్ని ఏకగ్రీవం అనేవారు.

చెడ్డ సెక్రటరీ అని మాత్రం ఎవరూ అనలేరు. హాల్లో ఫ్యాను ఆగిపోతే మిస్త్రీని తనే వెంటబెట్టుకొచ్చేవాడు. రైల్వే ఆసుపత్రిలో తెలుగువాళ్లెవరైనా ఉన్నారని తెలిస్తే పళ్లు పట్టుకుని వెళ్లేవాడు. పదవి అంటే ఆయనకి ఇష్టం, అంతే. మెడలో దండ పడితే ఇంటికి వచ్చేదాకా తీసేవాడు కాదు.

అలాంటి మనిషి కొట్టుకి ఒక ఉదయం సింహాచలమ్మ వచ్చింది. ఆమెది ట్రాఫిక్ కాలనీ. భర్త వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి పోయాడు. ఇప్పుడు కొడుకు క్వార్టరులో ఉంటోంది. వయసులో పెద్దది కాబట్టి చెన్నకేశవరావు ఆమెను అక్క వరసలో అప్పా అని పిలుస్తాడు.

"రా అప్పా, కూకో. కుక్కరు రబ్బరా?"

"రబ్బరు కాదు తమ్ముడూ. మన సంఘంలో ఓటు ఎవులెవులికి ఉందో ఆ లిస్టు ఓపాలి సూడాల. నా పేరుందో నేదో తెల్దు."

"లిస్టా? ఏం లిస్టు?"

"ఏం లిస్టేటి, ఓటర్ల లిస్టు. మొన్న సర్కారు ఓటుకి పేరు సూసుకుందారని పూరీ గేట్ కాడ ఇస్కూలుకి ఎల్లినాను. గోడకి అతికించీసినారు. ఎవుల్నీ అడగక్కర్నేదు. అక్కడున్న దీదీ నా పేరు మీద ఏలెట్టి మరీ సూపించినాది. బెంగాలీలో నన్ను సీమాచలం సేసినారు. పోన్లే, ఉన్నాను గదా అనుకున్నాను. ఇంటికొస్తా ఆలోచించినాను. అంత సర్కారే సూపిస్తంటే, మనోళ్ల సంఘంలో నాకు ఓటుందో నేదో నాకు తెల్దేటి అని."

"నీకు ఓటు లేకపోవడమేటప్పా! ఏటా చెయ్యెత్తుతున్నావు కదా."

"ఎత్తుతున్నాను. దాన్ని ఎవులైనా రాసుకున్నారా అని."

ఆదివారం హాలుకి రమ్మన్నాడు చెన్నకేశవరావు. ఆదివారం వెళితే బీరువా తాళం ట్రెజరర్ అమర్‌నాథ్ దగ్గర ఉందన్నాడు. అమర్‌నాథ్‌ని అడిగితే తాళం సెక్రటరీ గారి దగ్గరే ఉందన్నాడు. సింహాచలమ్మకి కోపం రాలేదు. మళ్లీ కొట్టుకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, గిన్నెలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లతో కబుర్లు చెబుతూ మధ్యాహ్నం దాకా ఉంది. ఎందుకు వచ్చావని అడిగిన ప్రతి ఒక్కరికీ ఎంతో సౌమ్యంగా, "లిస్టు సూడ్డానికి" అని చెప్పింది. ఆమె కోప్పడినా బాగుండేదనిపించింది చెన్నకేశవరావుకి.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి అమర్‌నాథ్ వచ్చాడు.

"సెక్రటరీ గారూ, ఇదేదో మామూలు కేసు కాదండి. ఊరికే లిస్టు ఎవులడుగుతారు? ఆవిడ నిలబడతాది."

"ఎక్కడ?"

"ఎలక్షన్లోనండి."

"మనకి ఎలక్షనెక్కడుందయ్యా?"

"అదేనండి. నేదని ఆవిడికి తెలిసిపోనాది."

ఇంటికి వెళ్లాక చెన్నకేశవరావు అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. భార్య కనకమ్మ సంగతంతా విని, "అడిగింది చూపించేస్తే పోయె కదండీ. అందులో ఏటుంది?" అంది.

"ఏటుందో నాకేం తెలుసు?" అన్నాడు. అది నిజం. సెక్రటరీ అయిన కొత్తలో ఒకసారి ఆ రిజిస్టరు తెరిచి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకుని మూసేశాడు.

మర్నాడు కనకమ్మే ఆయన్ని బయల్దేరదీసింది. తాళం చివరికి ఆయన గుత్తిలోనే దొరికింది. హాల్లో బీరువా తెరిస్తే ముందు చవితి పందిరి తోరణాలు మీద పడ్డాయి. వాటి వెనక విస్తళ్ల కట్టలు, పిల్లల నాటకానికి తెచ్చిన గుబురు మీసాలు, కొన్ని మెట్లు ఊడిపోయిన హార్మోనియం. అన్నిటికీ అడుగున రిజిస్టరు. కనకమ్మ దాన్ని చీర చెంగుతో తుడిచి చదవడం మొదలుపెట్టింది. బదిలీ అయిపోయినవాళ్లు ఉన్నారు. రిటైరై విశాఖపట్నం వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. తాము స్వయంగా దినానికి వెళ్లి భోంచేసి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఇంటికొక పేరు చొప్పున, అన్నీ మగవాళ్లవే.

"నా పేరేదండీ?"

"నా పేరుంది కదా."

"మీది సరే. నాది?"

చెన్నకేశవరావు ఆ పేజీ, ఈ పేజీ తిప్పాడు.

"అంటే ఇన్నేళ్లూ నేనెత్తిన చెయ్యి లెక్కలోకి రాలేదా?"

"ఎవరి చెయ్యీ లెక్కపెట్టలేదు కనకం," అన్నాడు నిజాయితీగా.

కనకమ్మకి నవ్వు ఆగలేదు. హార్మోనియం పెట్టె మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వడం అయ్యాక రిజిస్టరు సంచిలో పెట్టుకుని లేచింది.

"దాన్నెక్కడికి తీసుకెళ్తున్నావు?"

"సింహాచలమ్మ వదిన దగ్గరికి. మీరు కొట్టుకెళ్లండి, బేరం పోతాది."

ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరాడవాళ్లూ న్యూ సెటిల్‌మెంట్‌లో, ట్రాఫిక్ కాలనీలో, పూరీ గేట్ వైపు తెలుగువాళ్లున్న ప్రతి ఇంటికీ తిరిగారు. పద్దెనిమిది నిండిన వాళ్లందరి పేర్లూ రాశారు. ఒకాయన తన పేరు పక్కన డిగ్రీ కూడా రాస్తేనే ఒప్పుకుంటానన్నాడు. ఒకావిడ పేరు చెప్పింది కానీ వయసు చెప్పమంటే, కోడలు లోపలికి వెళ్లేదాకా ఆగమంది. ఒక ఇంట్లో కొత్తగా కాపురానికి వచ్చిన బెంగాలీ పిల్ల గుమ్మంలో నిలబడి, తనూ ఓటు వెయ్యొచ్చా అని సందేహంగా, "ఆమిఓ కి ఓట్ దితే పార్‌బో?" అని అడిగింది.

"పార్‌బే, పార్‌బే!" అంది సింహాచలమ్మ. "ముందు నీ పేరు సెప్పమ్మా."

తిరిగి రాసిన జాబితాని హాలు గోడకి అంటించారు. తప్పులుంటే దిద్దడానికి ఒక పెన్సిలుకి దారం కట్టి పక్కన వేలాడదీశారు. పండగా పబ్బమూ లేని రోజుల్లో కూడా హాలుకి జనం రావడం అదే మొదలు. అందరూ ముందు తమ పేరు చూసుకుని, తర్వాత పక్కింటివాళ్ల వయసు చూసేవారు. చూడటం అయ్యాక సహజంగానే అందరూ ఒకటే అడిగారు: ఓటర్లున్నారు సరే, ఓటు ఎప్పుడు?

కనకమ్మ నిలబడమంటే, "నాకెందుకు సెక్రటరీ పని?" అంది సింహాచలమ్మ. "లిస్టు సూస్తానన్నాను, సూసీసినాను."

"అలాగంటే ఎలా వదినా? ఒక్కరే ఉంటే మళ్లీ ఆకలి ఎన్నికే అవుతాది," అంది కనకమ్మ. అని, నామినేషను కాగితం మీద ప్రతిపాదించిన వారు అన్నచోట తనే సంతకం పెట్టింది.

ఆ సంగతి చెన్నకేశవరావుకి కొట్టులో ఒక గిరాకీ చెప్పింది. గిన్నెకి సొట్ట పడిందేమోనని తిప్పి తిప్పి చూస్తూ మరీ చెప్పింది. సాయంత్రం ఇంట్లో కనకమ్మ ఎప్పటిలాగే కంచం పెట్టి, ఎప్పటికన్నా కాస్త ఎక్కువే నెయ్యి వేసింది.

ఓట్లు ఎలా అడగాలో ఆయనకి తెలియదు. ఎన్నడూ అడిగిన మనిషి కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి ఇంటి తలుపు తట్టినప్పుడు ఒక ముసలమ్మ వచ్చి, "ఎవులు బాబూ నువ్వు?" అంది. సెక్రటరీనని చెప్పాడు. "ఏ బ్యాంకు?" అంది ఆవిడ. రెండో ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. హాల్లో మంచినీళ్ల కుళాయి ఎన్నాళ్లుగానో కారుతోందని, గుమ్మం ఎత్తుగా ఉండి మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కలేకపోతున్నారని చెప్పారు. ఇంకో ఇంట్లో, తన తండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడు చెన్నకేశవరావు తెచ్చిన కమలాపళ్లే చివరిసారి ఇష్టంగా తిన్నాడని ఒక అమ్మాయి చెప్పింది. ఆ మాట విన్నాక ఆయన ఓటు అడగడం మరిచిపోయి బయటికొచ్చేశాడు. తిరగ్గా తిరగ్గా ఆయనకే ఒక సంగతి తోచింది. తాను ఎవరికి సెక్రటరీయో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

పోలింగు జరిపించడానికి జాన్ పాల్‌ని పిలిచారు. రిటైరైన రైలు గార్డు. ఆదివారాలు చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్లడు. సంఘం జాబితాలో పేరు కూడా రాయించుకోలేదు కాబట్టి ఎవరి పక్షమూ కాదని నమ్మకం. ఓట్ల పెట్టె చెన్నకేశవరావే ఇచ్చాడు: పిండి పోసుకునే పెద్ద స్టీలు డబ్బా, మూతకి మధ్యలో గాటు. జాన్ పాల్ డబ్బాని బోర్లించి ఖాళీగా ఉందని అందరికీ చూపించాడు. "లైన్ క్లియర్. ఒక్కొక్కరే రండి," అన్నాడు.

జనం వరసలో నిలబడ్డారు. చేతులు ఎత్తడం అలవాటైనవాళ్లకి తెర వెనక ఒంటరిగా కాగితం మీద గీత పెట్టడం కొత్తగా ఉంది. కొందరు లోపల చాలాసేపు ఉండిపోయారు. "బండి లేటవుతోంది," అని జాన్ పాల్ బయటినుంచి హెచ్చరించాల్సి వచ్చింది. సింహాచలమ్మ ఓటు వేసి వచ్చి, గోడ మీద జాబితాలో తన పేరు పక్కన టిక్కు పడిందో లేదో చూసుకుని మరీ కూర్చుంది.

లెక్కింపులో కాసేపు ఆవిడ ముందుంది, కాసేపు ఆయన. చెన్నకేశవరావు అరచేతులు పంచెకి తుడుచుకుంటూ ఉన్నాడు. చివరి కాగితాలు విప్పేసరికి ఆయన కొద్దిలో గెలిచాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్ల ఏకగ్రీవాల్లో ఒక్కసారి కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదని ఆయనకి అప్పుడు తట్టింది. నాలుగు మాటలు చెప్పమని అమర్‌నాథ్ మైకు అందించాడు. ఆయన మైకు పట్టుకుని చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏటి తమ్ముడూ, గెలిసినోడివి నువ్వు ఏడుత్తావేటి?" అంది సింహాచలమ్మ ముందు వరసలోంచి. హాలు ఘొల్లుమంది. ఆయనా నవ్వేశాడు.

"అప్పా, నువ్వు జాయింట్ సెక్రటరీగా ఉండు," అన్నాడు. మైకులోనే అన్నాడు.

"రాయడాలూ గియ్యడాలూ నా వల్ల కాదు. అడగడమైతే అడుగుతాను."

"అదే పని చెయ్యి."

"సరే. కుళాయి ఎప్పుడు బాగుసేయిస్తావు?"

తిరిగి వెళ్లేటప్పుడు దంపతులిద్దరూ టోటో ఎక్కారు. కనకమ్మ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. చెన్నకేశవరావు రెండుమూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ్ని ప్రతిపాదించావు, బాగానే ఉంది. నిలబడ్డానికి మనిషుండాలి కదా."

"అవును."

"మరి ఓటు ఎవరికేశావు?"

"తెర ఎందుకు కట్టారనుకున్నారు?"

"నేను మొగుణ్ని కదా, నాకు చెప్పొచ్చు."

"లిస్టులో నా పేరు పక్కన మొగుడి పేరు లేదండీ. నేనే రాశాను, నాకు తెలీదా?"

టోటో నడిపే అతను తెలుగువాడే. ముందుకే చూస్తున్నాడు కానీ అతని భుజాలు కదులుతున్నాయి. చెన్నకేశవరావు దండ సర్దుకుని, "నువ్వు బండి చూసి నడపవయ్యా," అన్నాడు.