బ్యాండు మోగుతున్నంతసేపూ

డోర్కస్ ఎంట్విజిల్ దగ్గర ఏ కబురూ ఒక పూట నిలవదని ఇంగ్లండులో లాంకషైర్‌లోని ఆ మిల్లుల ఊరంతటికీ తెలుసు. ముప్పై ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడిన మనిషి. ఆ హోరు ఆమె చెవుల్ని ముప్పాతిక వంతు మింగేసింది గానీ నోటి జోలికి మాత్రం పోలేదు. నేతశాలలో ఎవరూ చెవులతో వినరు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి చదువుకుంటారు. ఈ చివరి మగ్గం దగ్గర బయల్దేరిన పెళ్ళికబురు గొంతు చప్పుడన్నది లేకుండా ఆ చివరికి చేరేసరికి, పెళ్ళికూతురికి ఇద్దరు పిల్లలు కూడా పుట్టేసేవారు.

ఇప్పుడా మగ్గాలు ఆగి పది నెలలైంది. అమెరికాలో ఉత్తరాదివాళ్ళూ దక్షిణాదివాళ్ళూ కొట్టుకుంటున్నారు. దక్షిణాది రేవులకు ఉత్తరాది ఓడలు అడ్డంపడ్డాయి, పత్తి రావడం లేదు. ఊరు ఊరంతా సహాయ కమిటీ పోసే సూపు మీద బతుకుతోంది. డోర్కస్ ఇంట్లో గోడగడియారం, మంచం, పోయిన మొగుడి ఆదివారం కోటు ఒకదాని వెనక ఒకటి తాకట్టు కొట్టుకు వెళ్ళిపోయాయి.

అయినా ఆమెకు ఆకలికన్నా ఎక్కువ మంట లండన్ పేపర్ల మీద. మిల్లు జనం పత్తి కోసం అల్లాడుతున్నారనీ, బానిసల చేత పత్తి ఏరించే దక్షిణాది దొరలే గెలవాలని కోరుకుంటున్నారనీ అవి వారం వారం రాస్తున్నాయి. ఆమెను అడిగిన పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు.

“నా కడుపు మాడితే నా ఖర్మ. దాన్ని చూపించి ఆ మనుషుల్ని అమ్ముకునేవాళ్ళకి వీళ్ళు వంత పాడటమేమిటే?” అని నాన్సీ ఫించ్ దగ్గర రోజూ దులిపేసేది. నాన్సీ పాతికేళ్ళు ఆమె ఎదురు మగ్గం మీద నేసిన నేస్తం.

అందుకే శనివారం మధ్యాహ్నం పెద్ద హాల్లో సభ అనగానే ఇద్దరూ రెండు గంటల ముందే పోయి గ్యాలరీల్లో ముందు బెంచీలు పట్టేశారు. డోర్కస్ ఎడమవైపు, నాన్సీ దానికి ఎదురుగా కుడివైపు. పక్కపక్కన కూర్చుంటే ఇద్దరికీ మాటలు తోచవు మరి.

మాట్లాడటానికి వచ్చినాయన జోసీఫస్ టిల్లరీ. అమెరికా దక్షిణాదిన కరొలైనాలో బానిసగా పుట్టి, పారిపోయి ఉత్తరాదిన బోస్టన్ చేరినవాడు. బానిసత్వం పోవాలని పోరాడే అక్కడి సంఘం వాళ్ళు ఇక్కడి సంఘం వాళ్ళ దగ్గరికి ఆయన్ని ఒకే ఒక్క పని మీద పంపారు. పత్తి లేక పస్తులుంటున్న జనమే, బానిసత్వం పోయి తీరాలని తమ నోటితో తీర్మానం చేస్తే, ఆ ఉత్తరం పట్టుకెళ్ళాలి. సోమవారమే లివర్‌పూల్లో ఓడ. ఉత్తరం లేకుండా ఎక్కితే పేపర్లు రాసిందే నిజమైపోతుంది. డోర్కస్ ఆకలి దొరల తరఫు సాక్ష్యమైపోతుంది.

ముందురోజు ఆయనకు చర్చి గదిలో టీ ఇచ్చారు. డోర్కస్ అక్కడ మొహమాటం లేకుండా అడిగేసింది.

“నీ ఇంటిదాని పేరేమిటి నాయనా?”

టిల్లరీ కప్పు కిందపెట్టాడు. “అది కరొలైనాలో, యజమాని దగ్గరే ఉండిపోయిందమ్మా. పేరు నేనెక్కడా పలకను. పేపర్లు సముద్రం దాటతాయి. నేనిక్కడ మాట్లాడుతున్నదంతా ఫలానా ఆమె మొగుడే అని తెలిస్తే, యజమాని ఆ కసి దానిమీద తీర్చుకుంటాడు. ఆ పేరు నా గొంతు దాటి మూడేళ్ళయింది.”

“నాకు చెబితే ఎవరికి తెలుస్తుంది?”

పక్కనే ఉన్న నాన్సీకి టీ పొలమారింది. “దీనికన్నా పేపరే నయం బాబూ. అది వారానికొక్కసారే వస్తుంది.”

సభకు అధ్యక్షుడు మిల్లు యజమాని కత్‌బర్ట్ రామ్స్‌డెన్ దొర. ఊళ్ళో ఏ సభకైనా ఉన్నవాళ్ళలో పెద్దమనిషిని కుర్చీలో కూర్చోబెట్టడం ఆనవాయితీ. ఆయనకు కావలసింది మాత్రం పత్తి, అది ఎవరు ఏరినా సరే.

టిల్లరీ గంటసేపు మాట్లాడాడు. డోర్కస్ ఆ మాటల్ని కళ్ళతోనే తాగింది. ఆయన కూర్చోగానే జనం లేచి నిలబడ్డారు, కుర్చీలు పడ్డాయి. రామ్స్‌డెన్ సైగ చెయ్యగానే మిల్లు బ్యాండువాళ్ళు అందుకున్నారు. కిటికీ అద్దాలు అదిరాయి.

ఆ హోరులో దొర పక్కకు వంగి తన గుమాస్తాతో మాట్లాడసాగాడు. గుమాస్తా ఎవరో కాదు, నాన్సీ కొడుకు విల్‌ఫ్రెడ్. దొర నోటికి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. జన్మంతా ఆఫీసుగదిలో గడిపినవాడు, నేతశాలలో అయిదు నిమిషాలుంటే తలనొప్పి వచ్చేవాడు. తన మాట తనకే వినబడనప్పుడు ఇంకెవరికి వినబడుతుందని ఆయన ధీమా. ఎదురుగా ఎనిమిది వందలమంది నేతపనివాళ్ళు ఉన్నారన్నది ఆ బుర్రకు తట్టలేదు.

డోర్కస్ ఆయన పెదాల్ని అక్షరం పొల్లుపోకుండా చదివింది. “తీర్మానానికి సవరణ నా జేబులో ఉంది. రూలు ప్రకారం సవరణకే ముందు చేతులెత్తించాలి. దక్షిణాదిని వేరే దేశంగా గుర్తించాలన్న ముక్క మధ్యలో ఎక్కడో ఉంటుంది, గబగబా చదివేస్తాను. ఈ వెర్రిబాగులవాళ్ళు కన్నీళ్ళ మీదున్నారు. ఎత్తమంటే చాలు, ఎత్తేస్తారు. పేపరాయన వార్త ముందే రాసిపెట్టుకున్నాడు.”

డోర్కస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఒసేయ్ నాన్సీ!” అంది, గొంతు లేకుండా, పెదాలు బాగా సాగదీసి. “చూశావా వాడి వాగుడు?”

“చూశానే. పక్కన గంగిరెద్దులా తలాడించేవాడు నా కడుపున పుట్టినవాడే. రానీ ఇంటికి!”

“వాడి సంగతి తరవాత. మొదటిది దొంగది, ఒక్క చెయ్యీ లేవకూడదు. రెండోదానికి ఎత్తాలి. అందరికీ చెప్పు!”

నాన్సీ కిందకి చెప్పింది. కిందివాళ్ళు వెనక్కి, వెనకవాళ్ళు పక్కకి. బ్యాండు రెండో పాట అందుకునేసరికి హాలంతా పాకింది. వేదిక మీద టిల్లరీ కుర్చీలో ముందుకు వంగి చూశాడు. ఎనిమిది వందలమంది ఒక్కసారిగా కనుబొమలెగరేస్తూ, ముక్కులు ముడుస్తూ, చప్పుడు లేకుండా గాలి నములుతున్నారు. ఆకలికి పాపం వీళ్ళకి మతి చలించిందేమో అనుకున్నాడు.

బ్యాండు ఆగింది. నోళ్ళు మూతపడ్డాయి. ప్రార్థనలో కూర్చున్నట్టు ఎంత బుద్ధిగా కూర్చున్నారో! రామ్స్‌డెన్ లేచి, సవరణను తరుముకొస్తున్నట్టు చదివేసి, “అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి!” అన్నాడు.

ఒక్క చెయ్యి లేవలేదు. ఎక్కడో ఎవరో దగ్గారు.

“చేతులు!” అన్నాడు దొర మళ్ళీ, విల్‌ఫ్రెడ్ వైపు చూస్తూ. విల్‌ఫ్రెడ్ చెయ్యి పైకి లేచింది. కుడి గ్యాలరీలో వాళ్ళమ్మ కూడా లేచింది. “దించు,” అన్నాయి ఆమె పెదాలు. “లేకపోతే రాత్రికి నీ పక్క వీధిలో వేస్తా.” ఆ చెయ్యి నెత్తి గోక్కుని మెల్లగా కిందికి దిగింది.

“వ్యతిరేకులు?”

హాలంతా చేతులే. రామ్స్‌డెన్ మొహం కందగడ్డయింది. “ఆ గ్యాలరీలో ఆవిడ రెండు చేతులూ ఎత్తింది! చెల్లదు!”

డోర్కస్ చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుంది. “ఏమన్నారు దొరా? నాకు బ్రహ్మచెవుడు, వినబడి చావదు.”

నవ్వు ఆగేసరికి, అసలు తీర్మానానికి కూడా అన్ని చేతులూ లేచాయి. దాని కింద అధ్యక్షుడే సంతకం పెట్టాలని రూలు. రూలును ముందు తలచుకున్నవాడు ఆయనే కదా. ఆముదం తాగినట్టు మొహం పెట్టి సంతకం చేశాడు.

సోమవారం స్టేషన్‌కు సగం ఊరొచ్చింది. ఉత్తరం టిల్లరీ కోటు లోపలి జేబులో భద్రంగా ఉంది. సభలో తామంతా ఏం నమిలారో డోర్కస్ చెప్పి, పెదాలెలా విప్పాలో నేర్పించింది. ఆయన కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

ఇంజను కూత పెట్టింది. ఆవిరి కమ్మింది. బ్యాండు మోగింది. ప్లాట్‌ఫారం మీద పేపరాయన నోటుపుస్తకం పట్టుకుని ఇటే చూస్తున్నాడు. టిల్లరీ కిటికీలోంచి వంగి, డోర్కస్ కళ్ళలోకి చూసి, ఆమె నేర్పినట్టే మెల్లగా పెదాలు విప్పాడు. చిన్న పేరు. గొంతు లేదు.

డోర్కస్ చదివింది. సరిగ్గానే చదివానని ఆయనకు తెలియాలని, అదే పేరు పెదాలతో తిరిగి చెప్పింది. మూడేళ్ళ తరవాత ఇంకో మనిషి నోట ఆ పేరు చూసిన ఆ మగాడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. బండి కదిలిపోయింది.

నాన్సీ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. “ఏమన్నాడే? దిక్కుమాలిన ఆవిరి అడ్డమొచ్చింది, పట్టలేకపోయాను.”

డోర్కస్‌కు నాలుక దురద పెట్టింది. “వెళ్ళొస్తానన్నాడే,” అంది. నాన్సీతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే.

ఆ పేరు ఆమెకు దారంతా నోటిదాకా వస్తూనే ఉంది. ఇల్లు చేరేదాకా పెదాలు బిగబట్టుకునే నడిచింది. ఆ ఊళ్ళో తనలో తాను గొణుక్కున్నా చదివేస్తారు.