ఆయుధపూజ మర్నాడు వచ్చిన అప్‌డేట్

నేను ఒక స్క్రిప్టును. అంటే, ఏ వేళకు ఏం చెయ్యాలో కంప్యూటరుకు చెప్పే రాతను. చెప్పింది చెయ్యడం తప్ప ఇంకో బుద్ధి నాకు లేదు. ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డున వెంకటపతి గారి రొయ్యపిల్లల హేచరీలో నన్ను రాసింది హైమ. కాకినాడ నుంచి స్కూటీ మీద వచ్చే పిల్ల. అక్కడి కంప్యూటరు ఎప్పుడు పడితే అప్పుడు అప్‌డేట్ అడిగి ప్రాణం తీస్తోందని, ఆ చాకిరీ నా నెత్తిన పెట్టింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం కొత్తవి దింపుకుని, ఎక్కించి, కంప్యూటరును ఆపి మళ్లీ లేపాలి. అదే నా ఉద్యోగం.

తొట్లకు గాలి కొట్టే మోటార్లు ఆ కంప్యూటరు చేతిలోనే ఉండేవి. గాలి ఆగితే రొయ్యపిల్లలు బతకవు. అందుకని నా వేళకు తొట్లు చూసే నూకరత్నం వచ్చి, మోటార్లను నేరుగా కరెంటుకు తిప్పేది. నా పనయ్యాక తిరిగి కంప్యూటరుకు అప్పగించేది. మాకు బాగానే కుదిరింది.

హైమకు ముందుచూపు ఎక్కువ. ఆదివారం కంప్యూటరు ఆపి ఉంటే, మళ్లీ వెయ్యగానే ఆ పని చేసెయ్యమని నాలో రాసింది. రాసి తెగ మురిసిపోయింది కూడా.

ఆ ఏడు ఆయుధపూజ ఆదివారం పడింది. వెంకటపతి గారు కంప్యూటరుకు పసుపు రాసి, బొట్టుపెట్టి, బంతిపూల దండ వేశారు. ఈ రోజు దీనికి సెలవు, ఎవరూ ముట్టుకోవద్దని ప్లగ్ పీకేశారు. మోటార్లు నేరుగా తిరిగాయి. అంతకుముందు రెండు బ్యాచ్‌లు తెగులొచ్చి పోయాయి. ఇదీ పోతే హేచరీ మూసేస్తానని ఆయన అప్పటికే తేల్చేశారు. పాపం నూకరత్నం పండగపూటా తొట్ల దగ్గరే కూర్చుంది.

సోమవారం పొద్దున వెంకటపతి గారు కొబ్బరికాయ కొట్టి, కంప్యూటరు వేసి, మోటార్లను దానికి అప్పగించారు. పండగకి జనం వచ్చిపోతున్నారని మోటార్ల స్విచ్చిలున్న గదికి తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని, ప్రసాదం పంచడానికి ఊళ్లోకి వెళ్లారు.

నేను లేచాను. నిన్నటి పని మిగిలిపోయింది కదా. పూజని, పండగని నాకెవరు చెప్పారు కనుక?

నేను కంప్యూటరును ఆపగానే తొట్లలో బుడగలు ఆగిపోయాయి. నూకరత్నం ఫోన్ అందుకుంది.

"అయ్యగారూ, గాలి ఆగిపోయిందండి. తాళంచెవి తెండి."

"వచ్చేస్తున్నా. నువ్వు మాత్రం ఆ కంప్యూటర్ని కెలక్కు, పాడైపోద్ది."

ఆవిడ రాయి పట్టుకుని తాళం మీద బాదింది. అది మంచి తాళం. తర్వాత మగ్గుతో తొట్లో నీళ్లు తోడి, పైనుంచి ధారగా పోసి గాలి కలపబోయింది. ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి పరిగెడుతూ మధ్యలో నా దగ్గరికొచ్చి, "కాస్త ఆగు నాయనా, పిల్లలు చచ్చిపోతున్నారు," అని బతిమాలింది. ఆగాలనే ఉంది నాకు. ఎలా ఆగాలో నాకు ఎవరూ రాయలేదు. ఆ వారం అప్‌డేట్ కూడా పెద్దది.

వెంకటపతి గారు వచ్చి, గది తెరిచి, స్విచ్చి తిప్పారు. బుడగలు వచ్చాయి. పిల్లలు మాత్రం తొట్ల అడుగున తెల్లగా పేరుకుపోయి ఉన్నాయి. ఆయన మెట్ల మీద కూలబడ్డారు.

సరిగ్గా అప్పుడే నా పని ముగిసింది. పనివాళ్లకు తెలియాలని హైమ నా చివరి మాటను తెలుగులో రాసింది. నూకరత్నం తడి చేతులు చీరకు తుడుచుకుని, తెర దగ్గరికొచ్చి, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"అప్‌డేట్ విజయవంతంగా పూర్తయింది. ఇక మీ పని మీరు చేసుకోవచ్చు."

ఆ మాట మింగేద్దామన్నా నాకు చేతకాదు. ఎవరో వచ్చి ఆర్పేదాకా దాన్నే చూపిస్తూ ఉండిపోయాను.