సొంత చేతులతో చేసినవి

పదకొండు దాటినా చిన్న డాక్టరుకు కాఫీ తాగే వీలు చిక్కలేదు. పసిపిల్లల గుండె వార్డులో ఇరవై మంచాలు, ఇరవై తొమ్మిది మంది పిల్లలు. ఒకరికి రక్తం తెప్పించాలి, ఇద్దరిని ఇంటికి పంపే కాగితాలు రాయాలి, ఆక్సిజన్ గొట్టం పీకేసుకున్న పాపకు మళ్ళీ పెట్టాలి. రెండు గంటలకు తనిఖీ వాళ్ళొస్తున్నారని పొద్దున్నుంచీ గోడలు కడుగుతున్నారు. ఫినాయిల్ ఘాటుకు పిల్లలు దగ్గుతున్నారు.

చిన్న డాక్టరు అన్నది తల్లులు పెట్టిన పేరు. ఆమెకు ముప్పై మూడేళ్ళు. పిల్లల వైద్యం చదివి, పసిగుండెల వైద్యంలో ప్రత్యేక శిక్షణ కోసం మూడేళ్ళ క్రితం ఈ ఆసుపత్రిలో చేరింది. ఇంకో నెలలో శిక్షణ పూర్తవుతుంది.

ఏడింటి నుంచి స్కానింగ్ గది ముందు కూర్చున్న నూలుమిల్లు కార్మికురాలు ఆమెను చూసి లేచింది. చంకలో ఐదు నెలల పాప. ఏడిస్తే చాలు, గోళ్ళు నీలమవుతున్నాయి.

"మా ఊళ్ళో పెట్టే గుండె వార్డుకి మీరే వస్తున్నారంటగా అమ్మా?"

"ఎవరు చెప్పారు?"

"మిల్లు గేటు దగ్గర బోర్డు కట్టారుగా! మీ బొమ్మ కూడా వేశారు. వచ్చిన ప్రతిసారీ రెండ్రోజుల కూలి పోతోంది. మళ్ళీ సెలవంటే ఇక రావద్దన్నాడు మేస్త్రీ. నెలాగితే మీరే అక్కడ దీనికి బెలూన్ వేసేద్దురు గాని."

చిన్న డాక్టరు స్టెతస్కోపు చెవులకు తగిలించుకుంది. పాప ఛాతీ మీద ఆనించి వింది.

పాప గుండెలో ఒక కవాటం ఇరుకైపోయింది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి తీగ గుండె దాకా పంపి, అక్కడ బెలూన్ ఉబ్బించి ఆ ఇరుకును తెరవాలి. ఈ మూడేళ్ళలో ఆ పని ఆమె సొంత చేతులతో చేసింది నాలుగుసార్లు. మిగతా రోజులన్నీ, అందరూ పెద్దాయన అనే విభాగాధిపతి వీపు చూస్తూ నిలబడింది, లేదంటే కాగితాలు రాసింది.

పన్నెండింటికి పెద్దాయన పిలిపించాడు. ఆమెతో పాటు శిక్షణలో ఉన్న కబుర్ల డాక్టరు అప్పటికే అక్కడున్నాడు.

"ఇద్దరి రికార్డు పుస్తకాల్లోనూ సొంతంగా చేసిన బెలూన్ కేసులు అరవై అని ఉంది. అడిగితే అరవై అనండి."

"నేను చేసింది నాలుగు సార్."

"పక్కనే ఉన్నావుగా. చూడలేదా?"

"చూడటం వేరు కద సార్."

ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "రోజుకు ఎనిమిది చేస్తేనే ఈ వార్డు నడుస్తుందమ్మాయ్. మీ చేతికిస్తే మూడే అవుతాయి. మిగతా ఐదుగుర్ని ఎక్కడ పడుకోబెట్టమంటావ్? పైవాళ్ళు ఎన్ని చేశావనే అడుగుతారు. ఎందరికి నేర్పావని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు."

అందులో అబద్ధం లేదు. అదే ఆమెను మరీ కుదురు లేకుండా చేసింది.

బయటికొచ్చాక కబుర్ల డాక్టరు నవ్వాడు. "అనేసెయ్ తల్లీ. అరవై అంటే నోరేమన్నా అరిగిపోతుందా? ఇంకో ఏడు ఇక్కడే అంటే మా ఆవిడ తలుపు తియ్యదు."

"కిందటేడు ఇక్కడ శిక్షణ ముగించుకుని వెళ్ళినాయన సంగతి మర్చిపోయావా?"

అతని నవ్వు ఆగిపోయింది. ఆయన పుస్తకంలోనూ అరవై ఉండేది. వేరే ఊళ్ళో ఒంటరిగా చేసిన మొదటి కేసులోనే తీగ పసిగుండె గోడను చీల్చింది. వెనక నుంచి "ఆగు" అనే మనిషి లేడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఏ ఆసుపత్రి మెట్లూ ఎక్కలేదు.

రెండింటికి తనిఖీ అధికారిణి వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో కలం. మంచాలు లెక్కపెట్టుకుని, యంత్రాలు చూసి, చిన్న డాక్టరు రికార్డు పుస్తకం తిరగేసింది.

"అరవై. బాగుంది. అన్నీ మీరే చేశారా?"

చిన్న డాక్టరు ఆ పుటలో తన సంతకం వైపు చూసింది.

"లేదు మేడమ్. నాలుగు."

పెద్దాయన ముందుకొచ్చాడు. "అమ్మాయి కంగారు పడుతోంది."

"కంగారు లేదు సార్. అరవై అని రాసింది నేనే. సంతకమూ నాదే. తప్పు చేశాను." పెద్దాయన వైపు తిరిగింది. "వచ్చే నెల నన్నొక్కదాన్నే ఆ నూలుమిల్లు ఊళ్ళో కొత్త వార్డుకు పంపుతున్నారు. నేను వెళ్ళను. తీగ నా చేతికిచ్చి, మీరు వెనక నిలబడి నేర్పండి. చేతనైందని మీకనిపించాకే వెళ్తాను."

అధికారిణి కలం ఆగింది. "ఈ మాట రాసుకుంటే మీకు సర్టిఫికెట్ రాదు. ఇక్కడి శిక్షణే రద్దు కావచ్చు. తెలుసా?"

"తెలుసు. రాసుకోండి."

పెద్దాయన కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు ఒక్కసారిగా కుంగినట్టనిపించింది. అది కోపమో, అలుపో ఆమెకు అంతుపట్టలేదు. మూడేళ్ళ కష్టం ఒక్క మాటతో పోయిందని మాత్రం అర్థమైంది.

అధికారిణి ఒక వాక్యం రాసి, రెండో పుస్తకం తెరిచింది.

"మీ దాంట్లోనూ అరవై ఉంది. మీరెన్ని చేశారు?"

ఏనాడూ మాటకు తడుముకోని కబుర్ల డాక్టరు మొదట పెద్దాయన వీపు వైపు, తర్వాత ఆమె వైపు చూశాడు. వార్డులో ఎవరో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"నేనా మేడమ్..." అన్నాడు. కోటు జేబుల్లోంచి చేతులు బయటికి తీసి, ఎవరివో చేతుల్ని చూస్తున్నట్టు వాటికేసి చూస్తూ నిలబడ్డాడు.