రిజెక్టుల అలమర

మర్యాద నేర్పడానికి మా ఫ్యాక్టరీకి ఒక మనిషి వచ్చాడు. రెండు రోజుల క్లాసు. నాకు యాభై మూడేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు ఈ ఫ్యాక్టరీ చెకింగ్ గదిలోనే గడిచిపోయాయి. ఎదుటివాడికి కాగితం ఎలా అందించాలో ఈ వయసులో నాకు నేర్పడానికి ఒకాయన కోటు తొడుక్కుని వస్తున్నాడంటే, నేర్చుకోవడానికి కాకపోయినా చూడడానికైనా వెళ్ళాలనిపించింది.

మేం చేసేది నీళ్ళ పంపుల్లో వేసే రబ్బరు వాషర్లు. చొక్కా గుండీ అంతటి నుంచి అన్నం పళ్ళెం అంతటి దాకా అన్ని సైజుల్లోనూ చేస్తాం. మెషీన్లోంచి వేడివేడిగా వచ్చిన వాటి అంచుల్లో మిగిలిన రబ్బరును రెండు లైన్లలో కూర్చున్న ఆడవాళ్ళు బ్లేడుతో కోసేస్తారు. ఆ తర్వాత అవి నా బల్ల మీదికి వస్తాయి. రెండు వేళ్ళతో సాగదీసి లైటుకు పట్టి చూస్తాను. లోపల గాలి బుడగ కనిపించినా, వెంట్రుకంత చీలిక ఉన్నా పక్కన పడేస్తాను.

విదేశీ కంపెనీ ఒకటి మాకు మూడేళ్ళ ఆర్డరు ఇవ్వాలనుకుంటోంది. ఇచ్చేముందు ఫ్యాక్టరీ చూడడానికి వస్తోంది. ఈ క్లాసు అందుకే. ఆర్డరు వస్తే రెండో లైనులోని పద్దెనిమిది మందికీ ఉద్యోగాలు పర్మినెంటు అవుతాయి. రాకపోతే నెలాఖరుకు ఆ లైను మూత. ఆ పద్దెనిమిది మందిలో మా చెల్లెలు ఒకతె. కుట్టు షాపులో నీడపట్టున హాయిగా పని చేసుకునేదాన్ని, "అక్కడేముంది, మా ఫ్యాక్టరీకి వచ్చెయ్యి, నేను చూసుకుంటా" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి తీసుకొచ్చింది నేనే. నాలుగేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉంది. ఒక్కరోజు కూడా నన్ను దెప్పలేదు.

సరే, క్లాసు సంగతి. కోటాయనకు మా స్టోర్సు గుమాస్తా మొదటి అరగంటలోనే మర్యాదల మాస్టారు అని పేరు పెట్టేశాడు. ఆసియాలోని దేశాలన్నింటినీ ఆయన తెర మీద పేజీకొకటి చొప్పున పేర్చుకొచ్చాడు. ఈ దేశంవాళ్ళకు కార్డు రెండు చేతులతో ఇవ్వాలి. ఆ దేశంవాళ్ళ ముందు కాలు మీద కాలు వేసుకోకూడదు. ఇంకో దేశంవాళ్ళు కాదనే మాట నోటితో అనరు, మనమూ అనకూడదు. కోట్లమంది జనాన్ని నాలుగేసి ముక్కల్లో తేల్చేసి, మంచినీళ్ళు తాగి, తరవాతి పేజీకి పోయేవాడు. అంతమంది గురించి అంత ధీమాగా మాట్లాడిన మనిషి, రెండు రోజుల్లో మాలో ఒక్కరి పేరు కూడా అడగలేదు.

తరవాత మమ్మల్ని జంటలుగా నిలబెట్టి వంగడం నేర్పించాడు. ఎలక్ట్రీషియనూ స్టోర్సు గుమాస్తా ఒకరికొకరు నడుము వంచి వంచి నమస్కారాలు పెట్టుకున్నారు. వాళ్ళిద్దరికీ ఆర్నెల్లుగా మాటల్లేవు. వంగడం అయిపోయాక కూడా మాట్లాడుకోలేదు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. లేచి అడిగాను.

"ఏమండీ, మనం ఉన్నది కూడా ఆసియాలోనే కదా. మన పేజీ ఏదీ?"

ఆయన ఇబ్బంది పడలేదు సరికదా, మురిసిపోయాడు. "మంచి ప్రశ్నమ్మా! మన పేజీ కూడా ఉంది. అది మన దగ్గరికొచ్చే విదేశీయులకి చెప్పేటప్పుడు వాడతా."

"చూపించండి మరి."

చూపించాడు. మా పేజీలో రెండే ముక్కలున్నాయి. ఒకటి: వీళ్ళు చెప్పిన సమయానికి గంట కలుపుకోండి. రెండు: వీళ్ళు పై అధికారి ముందు నిజం చెప్పరు, విడిగా కూర్చోబెట్టి మెల్లగా అడగండి. హాలంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది మా జీఎం. ఆయన ముందు నిజం చెప్పని ఎనభై మందీ ఆయనతో పాటే పగలబడి నవ్వారు. అంతకంటే సిగ్గుమాలిన నవ్వు నేనెక్కడా వినలేదు.

రెండో రోజు మధ్యాహ్నం మాస్టారు, జీఎం ఫ్యాక్టరీ అంతా తిరిగి చూస్తూ నా గదికి వచ్చారు. నా బల్ల వెనక అద్దాల తలుపుల అలమర ఉంటుంది. ఏ రోజు పనికిరాని వాషర్లను ఆ రోజే తీగకు దండలా గుచ్చి, ఏ మెషీను, ఏ తారీఖు, ఏం తప్పు అన్నది చీటీ మీద రాసి, కింద సంతకం పెట్టి అందులో వేలాడదీస్తాను. ఏడాది పాటు ఉంచుతాను. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. నాలుగో మెషీనులో బుడగలు ఎందుకొస్తున్నాయో ఇంజనీర్లు మూడు నెలలు జుట్టు పీక్కున్నా తేలలేదు. ఈ అలమరలో తారీఖులు వరసగా చూస్తే రబ్బరు బస్తాలు తడిసిన వారమే అవి మొదలయ్యాయని తేలింది.

మర్యాదల మాస్టారు ఆ దండల్ని చూసి గుండె పట్టుకున్నంత పని చేశాడు.

"ఇదేంటమ్మా ఇది? మన తప్పులన్నీ అద్దాల్లో పెట్టి మరీ చూపిస్తారా? వాళ్ళ సంస్కృతిలో పరువంటే ప్రాణం. మన పరువు పోతుంటే చూడలేక వాళ్ళు సిగ్గుపడతారు."

"తీయించెయ్యండి," అన్నాడు జీఎం, నా వైపు చూడకుండానే.

"సార్, మనం సరుకు చూసే పంపుతున్నామనడానికి ఇదొక్కటే సాక్ష్యం. ఇది తీసేస్తే ఇంకేం చూపిస్తాం?"

"రెండ్రోజులే కదమ్మా. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ పెట్టుకుందువుగాని," అన్నాడు జీఎం.

"చెడ్డవి ఏవని అడిగితే?"

మాస్టారు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "అడగరమ్మా. అలా అడగడం వాళ్ళ పద్ధతి కాదు. ఒకవేళ అడిగినా, నవ్వుతూ లేవని చెప్పెయ్యండి."

ఆ సాయంత్రం నేనూ చెల్లెలూ కలిసి దండలన్నీ గోనెసంచుల్లో వేసి వెనక పాత సామాన్ల షెడ్డులోకి మోశాం. షెడ్డు నా గదికి నలభై అడుగుల దూరం. తాళంచెవి నా దగ్గరే ఉంది. అలమరలో రెండు పూలకుండీలు, జీఎం ఎవరి దగ్గరో కప్పు అందుకుంటున్న ఫొటో వచ్చి కూర్చున్నాయి.

సంచీ దించి చెల్లెలు నడుం పట్టుకుని నిలబడింది.

"అక్కా, నేను కొత్తలో బ్లేడు వంకరగా పట్టుకునేదాన్ని గుర్తుందా? నువ్వేం తిట్టలేదు. నేను కోసినవే దండ గుచ్చి చూపించావు. వాటిని చూసే చెయ్యి సరిచేసుకున్నా. వచ్చేవాళ్ళకి ఇవి చూపిస్తేనే మంచిదేమో."

"చెప్పాను కదే. విన్నారా?"

"ఇంకోసారి చెప్పు. మా లైను బతుకంతా దీని మీదే ఉందక్కా."

"తీసెయ్యమన్నవాళ్ళ ఖర్మ," అన్నాను. అప్పటికే నాకు ఒళ్ళంతా మంటగా ఉంది.

మర్నాడు వచ్చినవాళ్ళు ముగ్గురు. తెల్లజుట్టు ఇంజనీరు పెద్దాయన, ఆయన కింద పనిచేసే కుర్ర ఆఫీసరు, మన భాష మాట్లాడే దుబాసీ అమ్మాయి. గుమ్మంలోనే తమాషా మొదలైంది. మావాళ్ళంతా నేర్చుకున్న ప్రకారం నడుం వంచారు. మా గురించి ఎవరు నేర్పారో ఏమో, వాళ్ళు మాతో కరచాలనానికి చేతులు చాచారు. జీఎం నుదురు పోయి పెద్దాయన అరచేతికి కొట్టుకుంది. ఒకరి మర్యాద ఒకరికి అడ్డం పడి, లోపలికి రావడానికే ఐదు నిమిషాలు పట్టింది. దూరం నుంచి చూస్తున్న నాకు కడుపు నిండింది.

నా గదికి వచ్చాక మాత్రం పెద్దాయన ఎవరి కోసమూ ఆగలేదు. నా ట్రేలోంచి ఒక వాషరు తీసి, రెండు వేళ్ళతో సాగదీసి, లైటుకు పట్టి చూశాడు. అచ్చం నేను చూసినట్టే. బొటనవేలు కూడా నేను పెట్టే చోటే పెట్టాడు. మనిషి నోరు విప్పకముందే ఈయన మనవాడు అనిపించింది. తరవాత అలమర వైపు చూశాడు. పూలకుండీల్ని, ఫొటోను చూశాడు. వంగి బల్ల కింద చూశాడు, గది మూలలన్నీ చూశాడు. దుబాసీ అమ్మాయితో ఏదో అన్నాడు.

"చెడ్డవి ఎక్కడ పెడతారు అని అడుగుతున్నారు," అంది ఆ అమ్మాయి.

జీఎం నాకంటే ముందే అందుకున్నాడు. "మా దగ్గర చెడ్డవి రావండీ!" మొహం నిండా నవ్వే. మర్యాదల మాస్టారు వెనక నిలబడి, శిష్యుడు పాఠం అప్పజెప్పినట్టు తల ఊపాడు. పెద్దాయన ఆ పూలకుండీల్ని ఇంకోసారి చూశాడు. మెల్లగా వంగి నమస్కరించి బయటికి నడిచాడు.

అందరూ టీ తాగడానికి మీటింగు హాలుకు వెళ్ళారు. పది నిమిషాలకు పెద్దాయన, కళ్ళజోడు పెట్టె మర్చిపోయానన్న సాకుతో, దుబాసీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెనక్కి వచ్చాడు. కళ్ళజోడు పెట్టె ఆయన జేబులోంచి కనిపిస్తూనే ఉంది. నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆయన కూడా ముప్ఫై ఏళ్ళు చెకింగ్‌లోనే చేశారటండీ," అంది దుబాసీ అమ్మాయి. "ఎక్కడికెళ్ళినా ముందు చెడ్డవే చూస్తారట. ఇప్పుడిక్కడ ఎవరూ లేరు, మీరు చెప్పింది బయటికి పోదు అంటున్నారు. చెడ్డవి చూపిస్తారా?"

నాకు వెంటనే వెలిగింది. విడిగా కూర్చోబెట్టి మెల్లగా అడగండి. ఈయన మా పేజీ చదువుకుని వచ్చాడు.

నేనప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలుసు. లేచి, నలభై అడుగులు నడిచి, తాళం తియ్యాలి. అంతే. పెద్దాయన చూపులో ఎకసెక్కమేమీ లేదు. తన పనివాళ్ళను అడిగినట్టే అడిగాడు. కానీ నా కళ్ళకు ఆయన కనబడలేదు. పగలబడి నవ్విన జీఎం కనబడ్డాడు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పిన మాస్టారు కనబడ్డాడు. ఇరవై ఆరేళ్ళ నా పనిని గోనెసంచుల్లో కుక్కించి, దాని చోట పూలకుండీ పెట్టినవాళ్ళు కనబడ్డారు. నవ్వుతూ లేవని చెప్పమన్నారు కదా, చెబుతాను, మునగండి అనుకున్నాను.

నవ్వాను. "లేవండి," అన్నాను.

దుబాసీ అమ్మాయి ఆ మాటను ఆయనకు చెప్పింది. పెద్దాయన నా మొహంలోకి కాసేపు చూసి, చేతిలోని వాషరును రెండు చేతులతో ట్రేలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన గడప దాటాక నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వెధవలకు సరిగ్గా చేశాననుకున్నాను. ఆ హాయి రెండు రోజులు నిలిచింది.

తొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. జీఎం అందర్నీ పిలిచి చదివించాడు. మీ ఆదరణ మరువలేం, మా పద్ధతుల్ని ఇంత శ్రద్ధగా నేర్చుకున్నవాళ్ళను ఇంతవరకు చూడలేదు, అని ఒక పేరా. తప్పుల్ని మీరెలా పట్టుకుంటారో మాకు కనబడలేదు, అందువల్ల ఆర్డరు వేరేచోట ఇస్తున్నాం, అని ఇంకో పేరా. జీఎం మర్యాదల మాస్టారుకు ఫోను చేశాడు. మొదటి పేరా చాలా గొప్ప విజయమనీ, రెండోదాన్ని వాళ్ళ సంస్కృతి తెలిసినవాళ్ళే అర్థం చేసుకోగలరనీ, దానికి ఇంకో రెండు రోజుల క్లాసు పెట్టాలనీ ఆయన చెప్పాడట. జీఎం ఒప్పుకున్నాడు. వచ్చే నెలలోనే క్లాసు. ఆయన కుర్చీ చెక్కుచెదరలేదు, ఈయన కోటు నలగలేదు.

నెలాఖరున రెండో లైను ఆపేశారు. ఏప్రన్లూ బ్లేడులూ చెకింగ్ గదిలో అప్పజెప్పమన్నారు. పద్దెనిమిది మందీ వరసగా వచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. చెల్లెలు చివర వచ్చింది. ఏప్రన్ ఉతికి, మడత పెట్టి తెచ్చింది.

"అక్కా, ఆ రోజు టీ టైములో పెద్దాయన మళ్ళీ నీ దగ్గరికొచ్చాడు. మా లైనులోంచి చూశాను. ఏమడిగాడు?"

"చెడ్డవి చూపించమన్నాడు."

"ఒక్కడే వచ్చాడా?"

"దుబాసీ పిల్లా, ఆయనా."

"నువ్వేమన్నావు?"

"లేవన్నాను."

చెల్లెలు బ్లేడును కాగితంలో చుట్టి ఏప్రన్ మీద పెట్టింది. నాకు తప్పించుకునే దారి చూపిస్తున్నట్టు అడిగింది.

"జీఎంకి తెలిస్తే నీ ఉద్యోగం పోతుందని భయపడ్డావా?"

ఊఁ అంటే చాలు. నమ్మేది. నన్ను పట్టుకుని ఏడ్చి, నేను వద్దన్నా నన్నే ఓదార్చేది. కానీ దానికి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. అదొక్కటే నాకు మిగిలిన గొప్పలా అనిపించింది.

"భయం కాదే. ఒళ్ళు మండి అన్నాను. వాళ్ళ తిక్క కుదరాలని."

అది నన్ను పెద్దాయన చూసినట్టే చూసింది. బల్ల మీద గుట్టగా ఉన్న పద్దెనిమిది ఏప్రన్ల వైపు చూసింది.

"భయమేసిందని చెప్పినా బాగుండేదక్కా," అంది.