మెరక మీద నాము

తొంభైల్లో ఒక ఆగస్టు వరద. మా లంక చుట్టూ గోదారే. నేను పశువుల ఆసుపత్రి కాంపౌండర్ని. డాక్టరుగారు అవతలి ఒడ్డున ఉండిపోతే ఇక్కడ నేనే డాక్టర్ని. ఆ హోదాలోనే ఊరి పశువులన్నిటినీ శ్రీరాములుగారి మెరక చేలో కట్టించాను. మునగని నేల అదొక్కటే. మేతకని ఆ ఏడే మొదటిసారి జొన్న వేశారు. కోసిన మోళ్ళకి లేత పిలకలొచ్చాయి. చోటుకి చోటు, మేతకి మేత అని మురిసిపోయాను కూడా.

మధ్యాహ్నానికి పార్వతి ఆవు పడిపోయింది. ఆ పాల మీదే ఆమె ఇల్లు నడుస్తుంది. ఆవు నోట నురగ, ఒకటే రొప్పు. గ్లూకోజు ఎక్కిద్దామని సూది గుచ్చితే రక్తం కుంకుమలా చిమ్మింది.

"రక్తం బాగుందండీ. బతుకుద్ది కదండీ?" అంది పార్వతి.

"ఆయ్," అన్నాను. పచ్చి అబద్ధం.

ఆ ఎరుపు చూశాకే నాకు వెలిగింది. లేత జొన్న పిలకల్లో సైనైడు ఉంటుంది. మెట్టలో దాన్ని నాము అంటారు, అక్కడ పసిపిల్లలకైనా తెలుసు. నామెక్కిన పశువు ఊపిరి పీలుస్తుంది, రక్తం ప్రాణవాయువును ఒళ్ళంతా మోస్తుంది. కణాలే దాన్ని వాడుకుని శక్తి పుట్టించుకోలేవు. వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొస్తుంది, అందుకే ఆ ఎరుపు. చుట్టూ గోదారి ఉండి గొంతు తడవనట్టు. విరుగుడు మందు అవతలి ఒడ్డున కొత్తపేటలో ఉంది. ఆ ఉరవడిలో పడవ వెయ్యనన్నాడు రేవులో పడవ నడిపే వీరన్న.

అరగంటలో ఆవు పోయింది.

"ఎవరి దిష్టి తగిలిందో," అంది పార్వతి. ఆమె దూడ పిలకలకేసి మెడ సాచింది. ఇంకో పద్దెనిమిది పశువులు అక్కడే ఉన్నాయి. చెబితే నా పరువు పోతుంది. చెప్పినా వాటినెక్కడ కట్టాలి? పీకేద్దామంటే రెండెకరాల నిండా పిలకలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సిగ్గేసింది, అంతకంటే భయమేసింది.

"దిష్టి కాదు పార్వతమ్మా. ఈ పిలకలే విషం. ఇక్కడ కట్టమన్నది నేనే. అన్నిటినీ నీళ్ళలోకి దింపండి."

మిగతావాళ్ళు తమ పశువుల పలుపులు విప్పడం మొదలుపెట్టారు. పార్వతి దూడని విప్పి మోకాలి లోతు నీళ్ళలోకి నడిపించింది.

"మీరూ రండి," అని తాడు నా చేతిలో పెట్టింది. "వరద తీసేదాకా దీన్ని మీరే పట్టుకోవాలండి."

వరద తీయడానికి మూడు రోజులు పట్టింది.