సిరా కలిపిన మనిషి

చింతపండు పెట్టి ఎంత తోమినా వేళ్ళకంటిన నీలం వదల్లేదు. "ఆ చేతులతో వడ్డించకు. ఢిల్లీ ఆఫీసరుకి రోత పుడుతుంది," అన్నాడు మా ఆయన పూర్ణచంద్రరావు. తెనాలిలో ఆయన్ని సిరా ఫ్యాక్టరీ యజమానిని చేసింది ఆ నీలమే. ఫ్యాక్టరీ అంటే మా పెరట్లో రేకుల షెడ్డు. తొమ్మిదేళ్ళుగా అందులో సిరా కలిపేది నేను. మా అత్తగారు మాత్రం వచ్చినవాళ్ళందరితో, "మా కోడలిది సుఖమైన బతుకమ్మా, ఇంటిపట్టునే ఉంటుంది," అనేది.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. విదేశీ సిరా దిగుమతి మీద నిషేధం ఉంచాలా, ఎత్తేయాలా అని ప్రభుత్వం విచారణ జరుపుతోంది. ఎత్తేస్తే మా సీసా ముట్టుకునేవాడుండడు. దేశీయ పరిశ్రమను కాపాడమని మా ఆయన అర్జీ పెట్టాడు. అందులో పనివాళ్ళుగా సీసాలు కడిగే లూకా పేరూ, లేబుళ్ళు అంటించే జకరయ్య పేరూ రాశాడు. నా పేరు లేదేంటని అడిగాను. "పెళ్ళాన్ని పనివాళ్ళలో రాస్తే నవ్విపోతారు," అన్నాడు.

ఆ విచారణ మీద మా ఇంటికొచ్చిన ఢిల్లీ ఆఫీసరు తెలుగువాడే. మా సిరాతో కాగితం మీద రెండు ముక్కలు రాసి చూసి, "రంగు బాగుంది. ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనేనండి," అన్నాడు మా ఆయన.

ఆఫీసరు సీసాని వెలుతురుకి ఎత్తి పట్టాడు. అడుగున మడ్డి. "ఈ సరుకు కోసమా జనాన్ని మంచి సిరా కొనుక్కోనివ్వకుండా ఆపమంటున్నారు?"

"కలిపింది మా ఆవిడండి. ఆడవాళ్ళకి శ్రద్ధ ఎక్కడుంటుంది!"

గుమ్మం అవతలున్న నాకు ఒళ్ళు మండిపోయింది. రంగు ఆయనది, మడ్డి నాదా? నీళ్ళు కాచి వడగట్టాలని నేను పోరితే, కట్టెలు దండగ, కాలవ నీళ్ళు చాలన్న మనిషి! లోపలికెళ్ళి నిలబడ్డాను.

"రంగు కూడా నేనే కలిపానండి. నీళ్ళు కాచొద్దన్నది ఆయన. నా పేరు సీతారావమ్మ. రాసుకోండి."

ఆఫీసరు రాసుకున్నాడు. పరాయి మగాడి ముందు పరువు తీశానని మా ఆయన మూడు నెలలు నాతో మాట్లాడలేదు. సిరా మాత్రం రోజూ కలిపించుకున్నాడు. ఆ మూడు నెలల్లోనే నేను బాపట్లలో టీచరుగా ఉన్న మా అక్క అనసూయకి ఉత్తరాలు రాశాను. అక్క తన పక్కింట్లో ఒక వసారా మాట్లాడిపెట్టింది.

నిషేధం ఇంకో మూడేళ్ళు ఉంటుందని పేపర్లో పడింది. ఏ పెద్ద కంపెనీల కోసం ఆ నిర్ణయం తీసుకున్నారో గాని, మా ఆయన మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు. "గెలిచాను! రేపట్నుంచి సరుకు రెట్టింపు కావాలి. నాలుగింటికే లే."

"పొద్దున్న బండికి బాపట్ల వెళ్తున్నానండి. అక్కడ నా సిరా నేను చేసుకుంటాను."

"నా మీద పోటీకా?" అని అరిచాడు.

"ఫారిన్ సిరాని ఢిల్లీ వాళ్ళు ఆపారు," అన్నాను. "నా సిరాని ఆపమని ఎవరికి అర్జీ పెడతారో పెట్టుకోండి."