నోటి బియ్యం

భూస్వామి భీమశంకరరావు ఊరికే ఒకరికి గుక్కెడు మజ్జిగ పోయించిన మనిషి కాడు. అలాంటివాడు కోటబొమ్మాళి డేరా హాల్లో పాలెం మొత్తానికి కోట ముట్టడి సినిమా చూపిస్తానని కబురు పెట్టాడు.

కౌలు రద్దు చేశాను, పంటంతా నాదేనని అతను మనుషుల్ని పంపిన నాటి నుంచి పాలెంవాళ్ళు కళ్ళంలో వరికుప్పను వంతులవారీగా కాస్తున్నారు. ఏడాది తిండి అదే.

"బాబు మెత్తబడినాడే పిన్నీ," అన్నాడు చినబాబు.

"పులికి పళ్ళూడిపోనాయేటిరా?" అంది దాలమ్మ.

"నువ్వు పుట్టి బుద్దెరిగి సినిమా సూసినావేటి?"

చూడలేదు. చూడాలని ఆమెకూ ఉంది. కొడుకు సోములు అది కనిపెట్టి నవ్వాడు. "ఎల్లవే అమ్మా. అందరూ ఎల్లండి. కుప్ప కాడ నానుంటాను."

అందరూ వెళ్ళారు.

తెర మీద కోటలో జనం ఆకలికి మాడుతున్నారు. డేరాలో ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. "ఒరే, ఆ పిల్లకి ఇన్ని గంజినీళ్ళు పొయ్యండిరా" అని ఎవరో తెరను బతిమాలారు. ఫిరంగులకు కూలని గోడను చూసి మగవాళ్ళు ఈలలు వేశారు. అప్పుడు శత్రు సేనాపతి, సంధి అంటూ, కోటలోకి మిఠాయి గంపలూ మేళగాళ్ళనూ పంపాడు. కాపలావాళ్ళు కత్తులు పక్కన పెట్టి పాట చుట్టూ మూగారు.

దాలమ్మ లేచి నిలబడింది. "ఒరే! మన కుప్ప కాడ ఒక్కడే ఉన్నాడ్రా!"

"కూకో ముసిలీ, అడ్డం" అని వెనక నుంచి కసిరినవాడే ముందు పరుగెత్తాడు. డేరా ఖాళీ అయింది.

కళ్ళంలో కుప్ప లేదు. మోపులన్నీ బళ్ళకెక్కాయి. సోములు తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. ఆ తల కింద ఎవరో తలపాగా మడిచి పెట్టారు. అది బండివాడు ఎల్లాజీది.

"నాను కొట్నేదప్పా," అని ఏడ్చాడు ఎల్లాజీ. "కిరాయికొచ్చినాను. కొట్టొద్దని ఆళ్ళ కాళ్ళట్టుకున్నాను."

"గోడ కూల్నేదురా చినబాబూ," అంది దాలమ్మ. "తలుపు మనమే తీసినాం."

జనం శవాన్ని బళ్ళ ముందు పెట్టి, తామూ అడ్డం పడుకున్నారు. పొద్దు పొడిచేసరికి భీమశంకరరావు వెంట పోలీసులు వచ్చారు, చంపినవాళ్ళ కోసం కాదు, బళ్ళు కదిలించడానికి. శవాన్ని తీసి దారి ఇమ్మన్నారు.

"తీస్తాం బాబూ. సాగనంపే ముందు నోట్లో బియ్యం ఎయ్యాల గదా," అంది దాలమ్మ.

పాలెంలో ఏ కుండలోనూ బియ్యం లేవు. దాలమ్మ బండి దగ్గరకు నడిచి ఒక కంకి తెంపింది.

"ముట్టుకుంటే దొంగతనం కేసు!" అని అరిచాడు భీమశంకరరావు.

ఆమె గింజల్ని గోటితో ఒలిచి కొడుకు పెదాల మధ్య పెట్టింది. వెనకే చినబాబు ఒక కంకి తెంపాడు. అతని వెనక అతని భార్య. ఆ వెనక పాలెమంతా. లాఠీలు లేచాయి. ఒక ముసలి కానిస్టేబులు మాత్రం టోపీ తీసి చంకలో పెట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. వరుసలో ఒకరు పడితే వెనకవాళ్ళు ఆ చోటికి వచ్చారు. ఎల్లాజీ వంతు వచ్చినప్పుడు అతను కంకి తెంపలేదు. బండెక్కి మోపునే కిందికి తోశాడు.

"అన్నీ తొయ్యరా!" అంది దాలమ్మ.

ఆమెను ఈడ్చి వ్యానెక్కించారు. వ్యాను కదిలేసరికి కళ్ళంలో ఆడవాళ్ళు మోపులు విప్పి వరి కొడుతున్నారు, మగవాళ్ళు చుట్టూ నిలబడి దెబ్బలు కాసుకుంటున్నారు. సోములును ఇంకా ఎవరూ ఎత్తలేదు. ముందు గింజలు ఇళ్ళకు చేరాలి.